పానకం నుంచి బీరు లెక్కల దాకా

మంగళగిరిలో పెరిగినవాళ్ళకి బెల్లం నీళ్ళ సంగతి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. కొండమీద పానకాల నరసింహస్వామి నోట్లో శంఖంతో పానకం పోస్తారు. గుటక వేస్తున్నట్టు చప్పుడు వినిపిస్తుంది. చెంబుడు తెచ్చినా, బిందెడు తెచ్చినా సగమే పుచ్చుకుని, మిగతా సగం భక్తుడికి ప్రసాదంగా వదిలేస్తాడని మా నమ్మకం. అంత పానకం ఒలికే చోట చీమ కనబడదని కూడా చెప్పుకుంటారు. బెల్లం, మిరియాలు, యాలకులు, నీళ్ళు. అంతకుమించి అందులో ఏమీ లేదు. కొలత అంటారా? ఎవరి చేతి కొలత వాళ్ళది.

అదే బెల్లం నీళ్ళని ఎండాకాలంలో మూతపెట్టి ఓ మూలన మరిచిపోండి. మూడోనాటికి పైన నురుగు కడుతుంది, బుడగలు లేస్తాయి, వాసన మారిపోతుంది. తీపిని తిని మత్తుని వదిలే సూక్ష్మజీవి గాలిలోనే ఉంది మరి. నాటుసారా కాచేవాళ్ళు నల్లబెల్లం మూటలు తెప్పించుకునేదీ, ఎక్సైజువాళ్ళు ఆ మూటల వెంట పడేదీ అందుకే. ప్రసాదానికీ పోలీసు కేసుకీ మధ్య ఉన్నది ఆ మూడు రోజులే!

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు ఇంట్లోనే బీరు కాచుకుంటున్నాడు. మొన్న ఫోనులో, "పిన్నీ, ఏటా ఇరవై జాడీల ఆవకాయ లెక్క తప్పకుండా పెడతావు కదా, బీరు లెక్కలకి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో నువ్వే చెప్పు" అన్నాడు. వేళాకోళమే అనుకోండి. ముందు నాలుగు చివాట్లు పెట్టాను. తరవాత కుతూహలం ఆగక ఆ కథేమిటో చదివాను.

చివాట్లు ఊరికే పెట్టలేదు. మనకి ఈ విషయం నవ్వులాట కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూనే, ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993లో సారాని నిషేధించారు. 1995 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. మొగుడి కూలి డబ్బు ఇంటికి రాకుండా దుకాణం గల్లాలో పడుతుంటే చూసి విసిగిపోయిన ఆడవాళ్ళ పోరాటం అది. అంచేత "ఇంట్లో బీరు" అనగానే నా కనుబొమలు ముడిపడ్డాయంటే ఆశ్చర్యం లేదు. పైగా మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా కాచడం నేరం. ఈ వ్యాసం చదివి ఎవరైనా పొయ్యి వెలిగిస్తే నాకు సంబంధం లేదు.

అక్కడ చట్టం వేరు. ఇంగ్లండులో 1880 నుంచీ ఇంట్లో కాచుకోవాలంటే లైసెన్సు తీసుకోవలసి వచ్చేది; 1963లో ఆ గొడవ తీసేశారు. అమెరికాలో 1978లో కార్టరు సంతకం పెట్టిన చట్టంతో, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు, అమ్మకూడదు. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు మాత్రం 2013 దాకా ఒప్పుకోలేదు.

ఇక మనకి ముఖ్యమైన సంగతి చెబుతాను. ఒకప్పుడు ఈ పని ఆడవాళ్ళది! ఇంగ్లండు పల్లెల్లో బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి (మన రాగి మాల్టు లాగే), వేణ్ణీళ్ళలో నానబెట్టి ఆ తీపి నీళ్ళని పులియబెట్టే పని ఇంటి ఇల్లాలిది. ఇంటికి వాడుకోగా మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్మేది. నాలుగు రోజులు దాటితే పాడైపోయే సరుకు కాబట్టి పెద్ద వ్యాపారులెవరూ దానివైపు చూడలేదు. తరవాత హాప్స్ అనే చేదు పువ్వులు వచ్చాయి. అవి వేసి కాస్తే బీరు నెలల తరబడి నిలవుంటుంది. నిలవుండేదాన్ని పెద్ద ఎత్తున చేసి దూరం పంపొచ్చు. అందుకు పెద్ద గంగాళాలు కావాలి, పెట్టుబడి కావాలి, అప్పు పుట్టాలి. ఆడదాని పేర అప్పెవరిస్తారు? క్రీ.శ. 1600 నాటికి ఆ పని చాలామట్టుకు మగవాళ్ళ చేతుల్లోకి పోయింది. జూడిత్ బెనెట్ అనే చరిత్రకారిణి 1996లో దీనిమీద ఒక పుస్తకమే రాసింది. వంటింట్లో ఉన్నంతకాలం ఆడవాళ్ళ పని, లాభం కనబడగానే మగవాళ్ళ వృత్తి. మన పెళ్ళిళ్ళ వంటల్లో చూడటం లేదూ?

ఆ తరవాత పని కొలతలవాళ్ళ వశమైంది. పాలవాడు నీళ్ళు కలిపాడో లేదో చూడటానికి లాక్టోమీటరు ముంచుతాం కదా, సరిగ్గా అలాంటి గాజు గొట్టమే తీపి నీళ్ళలో ముంచడం మొదలుపెట్టారు. తీపి ఎక్కువైన కొద్దీ గొట్టం పైకి తేలుతుంది. 1770 ప్రాంతంలో జేమ్స్ బావర్‌స్టాక్ అనే కుర్రవాడు తండ్రికి తెలియకుండా చాటుగా దీన్ని వాడేవాడట. నాలుకని నమ్మిన ముసలాయనకి గాజు గొట్టమంటే ఒళ్ళుమంట మరి! ఏ మాటకామాటే చెప్పుకోవాలి, నాలుక చెప్పలేనిది ఆ గొట్టం చెబుతుంది. మామూలు నీళ్ళు 1.000 అనుకోండి. తీపి నీళ్ళు 1.050 చూపించాయి, పులిశాక 1.010కి దిగాయి. రెంటికీ తేడా 0.040. దాన్ని 131తో హెచ్చవేస్తే ఇంచుమించు 5.2. నూటికి అన్ని పాళ్ళు మద్యం తయారైందన్నమాట. తీపి ఎంత తగ్గిందో అంత మత్తు పెరిగిందని తేలడమే ఈ శాస్త్రమంతా. ఐర్లండులో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి గాసెట్, కొద్దిపాటి నమూనాలతో లెక్క ఎలా కట్టాలో కనిపెట్టి 1908లో "స్టూడెంట్" అనే మారుపేరుతో అచ్చువేశాడు. కాలేజీ పిల్లలు ఇప్పటికీ ఆ లెక్కతో కుస్తీ పడుతున్నారు. అది బీరు కంపెనీలో పుట్టిందని వాళ్ళకి చెబితే ఎంత సంతోషిస్తారో!

ఆ లెక్కలన్నీ కంప్యూటరులో పెట్టాక, ఫ్యాక్టరీకి పోయిన పని మళ్ళీ వంటింటికి వచ్చింది. 1990లలో ప్రోమాష్ అనేది ఉండేది. 2003లో బీర్‌స్మిత్ వచ్చింది. బ్రూటార్గెట్ అని డబ్బు పెట్టనక్కరలేనిది ఒకటుంది. బ్రూఫాదర్ ఫోనులోనే నడుస్తుంది. ఏది కొనాలన్నది మావాడి సమస్య.

నేను మొట్టమొదట అడిగింది గాలను గురించి. అమెరికా గాలను 3.785 లీటర్లు, ఇంగ్లీషు గాలను 4.546. పేరొకటే, కొలతలు రెండు. పాత ఇంగ్లీషు పుస్తకంలోని అయిదు గాలన్ల దినుసుని అమెరికా గాలన్లనుకుని కాస్తే బీరు ముదురుతుంది. మనకిది కొత్తా? 1958లో కిలోలు రావడం మొదలైనప్పుడు అత్తల పుస్తకాల్లో ఉన్నవన్నీ వీశెలూ తులాలూనే. అర వీశె కారమంటే సుమారు 700 గ్రాములు. అది తెలియని కొత్తకోడలు అరకిలో పోసిందంటే ఆవకాయ ఏమవుతుందో గుంటూరు జిల్లావాళ్ళకి చెప్పాలా? అంచేత, ఏ గాలనో ముందు అడిగి మరీ లెక్క కట్టేదాన్నే తీసుకోమన్నాను.

తరవాతది గిన్నె. కాచేటప్పుడు ఎంత ఆవిరై పోతుంది, అడుగున మడ్డి ఎంత మిగులుతుంది అన్నది ఒక్కొక్క గిన్నెకి ఒక్కొక్క రకం. ఆ తరుగుని మనింటి గిన్నెకి సరిపడేలా మార్చుకోనివ్వని సాఫ్ట్‌వేరు, పక్కింటి పొయ్యి చూసి మనింటి అన్నం దింపమన్నట్టే. (మా కొండమీద స్వామివారికి లెక్క కట్టాలంటే తరుగు గడిలో సగానికి సగం రాసుకోవాలి.) చేదు సంగతి ఇంకా చిత్రం. హాప్స్ చేదుని అంచనా కట్టడానికి రేగర్ సూత్రమనీ టిన్‌సెత్ సూత్రమనీ వేరువేరుగా ఉన్నాయి. ఒకే దినుసుకి రెండూ రెండు అంకెలు చెబుతాయి. రెండింట్లో ఏదో ఒకటి పట్టుకుని దానితోనే ఉండాలి. ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి అంటే ఏ ఏటి బీరుకీ ఏ ఏటి బీరుతోనూ పోలిక కుదరదు.

అన్నిటికంటే నేను పట్టుబట్టింది మాత్రం పుస్తకం గురించి. ప్రోమాష్‌ని కొన్నాళ్ళకి మెరుగుపరచడం మానేశారు. అందులో ఏళ్ళ తరబడి దినుసులు రాసుకున్నవాళ్ళు ఇంకో దాన్లోకి మారక తప్పలేదు. బీరు ఎక్స్ఎంఎల్ అని ఒక ఉమ్మడి పద్ధతి ఉంది. అందులో రాసుకుంటే ఒక సాఫ్ట్‌వేరు నుంచి ఇంకోదానికి దినుసు పట్టుకుపోవచ్చు. మా అమ్మ ఊరగాయల పుస్తకం ఎంతమంది చేతులు మారిందో! అట్ట ఊడినా, నూనె మరకలు పడినా, ఎవరు తెరిచినా చదువుకోవచ్చు. తాళం వాళ్ళ దగ్గరా, బీరువా మనింట్లోనా అయితే ఎలా? "నెలనెలా డబ్బు కట్టడం మానేసిన రోజున నువ్వు రాసుకున్నది నీ చేతికొస్తుందా రాదా, అది కనుక్కో ముందు" అన్నాను.

వాడు డబ్బు పెట్టనక్కరలేని దాన్నే తెచ్చుకున్నాడు. మొదటిసారి కాచాక అంకెలు పంపాడు: మొదలు 1.048, చివర 1.012. పాలవాడి పద్దు వెనకాల నేనూ లెక్కేశాను, 4.7 వచ్చింది. వాడి సాఫ్ట్‌వేరూ అంతే చూపించిందట. రుచి ఎలా ఉందిరా అంటే మాత్రం, "కాస్త పలచగా ఉంది పిన్నీ, గిన్నె తరుగు సరిగా రాయలేదు" అన్నాడు.