ప్రిస్క్రిప్షన్ మందుల పర్యవేక్షణ కార్యక్రమాలు (అమెరికా)

నియంత్రిత మందులను ఏ డాక్టరు రాశారు, ఏ మందుల షాపు ఎన్ని మాత్రలిచ్చింది, ఎవరు తీసుకున్నారు అన్న వివరాలను ఒకచోట చేర్చే రాష్ట్రస్థాయి డేటాబేస్‌లు ఇవి. కాలిఫోర్నియాలో 1939లోనే ఇలాంటి కార్యక్రమం మొదలైంది; చట్టం చేసిన చివరి రాష్ట్రం మిస్సోరీ (2021). ఒకే రోగి పలువురు డాక్టర్ల చేత ఓపియాయిడ్ (వ్యసనంగా మారగల బలమైన నొప్పి నివారణ) మాత్రలు రాయించుకోవడాన్ని పసిగట్టడం ప్రధానోద్దేశం. అయితే రికార్డు ఉన్నంత మాత్రాన ఫలితం రాదు. సమయానికి దాన్ని చూసేవారుండాలి. అందుకే కెంటకీ 2012లో, న్యూయార్క్ 2013లో మందు రాసేముందు డేటాబేస్ చూడటాన్ని తప్పనిసరి చేశాయి. ఆ తర్వాత న్యూయార్క్‌లో ఇలా పలువురు డాక్టర్ల చుట్టూ తిరిగేవారు బాగా తగ్గారు. ఆలస్యం మరో లోపం: షాపు వారానికోసారి వివరాలు పంపితే, నిన్న కొన్న మాత్రలు ఈరోజు డాక్టరుకు కనిపించవు. ఓక్లహోమా 2012 నుంచి మందు ఇచ్చిన అయిదు నిమిషాల్లో నమోదు చేయాలంది.

ఈ నిఘా రోగులను అక్రమంగా దొరికే హెరాయిన్, ఫెంటనిల్ వైపు నెడుతుందన్న అభ్యంతరం బలమైనదే. 2012 తర్వాతి దశాబ్దంలో ఓపియాయిడ్ ప్రిస్క్రిప్షన్లు తగ్గినా ఓవర్‌డోస్ మరణాలు పెరిగాయి. మందు హఠాత్తుగా ఆపితే ప్రమాదమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో హెచ్చరించింది. కానీ దీనికి పరిష్కారం రికార్డును తీసేయడం కాదు, వాడే తీరు మార్చడం. అనుమానం తలెత్తినప్పుడు రోగిని వెళ్లగొట్టకుండా బ్యూప్రెనార్ఫిన్ (ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే మందు) వంటి చికిత్సకు చేర్చాలి. గోప్యత కోసం పోలీసులు కోర్టు ఉత్తర్వుతోనే వివరాలు పొందాలి. తగ్గిన ప్రిస్క్రిప్షన్ల లెక్క ఒక్కటే విజయానికి కొలమానం కారాదు. నిలిచిన ప్రాణాలనూ, నొప్పికి అందిన సరైన వైద్యాన్నీ లెక్కించాలి.