గుప్తి విచారము

‘గుప్’ ధాతువు రక్షణార్థకము. అయినను ‘గుప్త’శబ్దమునకు రక్షింపఁబడినదనియు దాఁచఁబడినదనియు రెండర్థములు గలవు. దాఁచినంతనే రక్షణ సిద్ధించునా యను శంక 2020లో బ్రిటనునందు పరీక్షకు వచ్చెను. కరోనా ప్రబలిన యా మార్చిలో అవయవమార్పిడి పొందినవారికిని, తీవ్రశ్వాసరోగులకును, కొందఱు క్యాన్సరు రోగులకును గడప దాఁటవలదని యచ్చటి ప్రభుత్వములు లేఖలు పంపెను. ఒక్క ఇంగ్లాండుననే సుమారు 22 లక్షలమంది గుప్తులైరి.

పిదప వేల్సు పరిశోధకులు లెక్కింపఁగా గుప్తులయందు సోకు తక్కువ గాదు, మరణములు హెచ్చు. వారు మొదలే దుర్బలులగుటచే మరణాధిక్యమును గుప్తిపై మోపరాదు. ఆసుపత్రులకుఁ బలుమాఱు పోవువారికిఁ బరీక్షలును హెచ్చు గాన సోకు లెక్కయు నిస్సందేహము గాదు. అయినను గుప్తి ఫలించెననుటకుఁ బ్రమాణము గానరాదు. రోగి గడప దాఁటకున్నను వానికిఁ బరిచర్య సేయువారు దాఁటుచునే యుండిరి; చికిత్సకై యాసుపత్రికిఁ బోవుటయుఁ దప్పలేదు.