వక్షఃస్థలముపై ఒక ముఖము

ఎమిలీ ఈడెన్ గీసిన రంజిత్ సింగు రేఖాచిత్రమును చూచినవారికి మొదట కలుగునది నిరాశ. సోదరుడైన గవర్నర్ జనరల్ ఆక్లండుతో 1838లో పంజాబునకు వెళ్లి, మహారాజును కన్నులార చూచి ఆమె గీసిన చిత్రమది. 1844లో లండనున శిలాముద్రణముగా వెలువడెను. ఒక కాలు ముడుచుకొని కుర్చీలో కూర్చున్న వృద్ధుడు. ఆడంబరము లేని ఉడుపులు. వక్షమున పతకము లేదు. అదే సంపుటములో ఆయన అశ్వము మాత్రము మరకతములతో మెరయుచుండును!

పతకములు ఆయన ఎరుగనివి కావు. 1837లో మనుమడు నౌనిహాల్ సింగు వివాహ సందర్భమున ఆయనయే ఒక బిరుదును నెలకొల్పెను. దాని పేరు కౌకబ్-ఇ-ఇక్బాల్-ఇ-పంజాబ్, అనగా పంజాబు సౌభాగ్యతార. నెపోలియను 1802లో స్థాపించిన లీజియన్ ఆఫ్ ఆనర్ దీనికి ఒరవడి. లాహోరు సైన్యమున కొలువు చేసిన ఫ్రెంచి సేనానుల మూలమున ఆ ఊహ అచటికి చేరియుండును. తార నడుమ మహారాజు ముఖము చిత్రింపబడెను. ఇచ్చువాని ముఖమును పుచ్చుకొన్నవాడు ధరింపవలెను. ఈ దేశమున ఇది కొత్త గాదు. జహంగీరు తన చిన్న ప్రతిరూపమును అనుగ్రహపాత్రుల కొసగెడివాడు. 1616లో ఆంగ్ల రాయబారి థామస్ రో సైతము అట్టిదానిని పొందెను. హిందీలో పతకమును తమగా అందురు. ఆ తురుష్క పదమునకు మూలార్థము ముద్ర. పశువుపై యజమాని వేయు వాతకు గూడ అదియే పేరు.

1838 నాటి ఆ కలయికలోనే ఆక్లండు రంజిత్ సింగునకు విక్టోరియా రాణి చిత్రమును కానుక చేసెను. దానిని చిత్రించినదియు ఎమిలీయే. మహారాజు మరునాటి యేడు మరణించెను. 1849లో పంజాబు కంపెనీ వశమయ్యెను. 1854లో వింటర్‌హాల్టర్ చిత్రించిన వర్ణపటమున ఆయన కుమారుడు, పదునైదేండ్ల దులీప్ సింగు, రత్నములతో నిండుగా నిలిచియున్నాడు. అతని కంఠమున వ్రేలాడునది విక్టోరియా ప్రతిరూపము.

1861లో రాణి స్టార్ ఆఫ్ ఇండియా బిరుదును స్థాపించెను. దాని పతకమున రాతిలో చెక్కిన ఆమె ముఖము గలదు. తొలి గ్రహీతలలో దులీప్ సింగు ఒకడు, హైదరాబాదు నిజాము అఫ్జలుద్దౌలా ఒకడు. ప్రాణి రూపమును ధరించుట తమ మతధర్మమునకు విరుద్ధమనియు, పరదేశపు ఉడుపు ఈ దేశపు ప్రభువులకు రుచింపదనియు నిజాము పక్షమున దివాను సాలార్ జంగు ఆక్షేపించెను. ఆక్షేపణ నెగ్గలేదు, నిజాము బిరుదును స్వీకరించెను.

ఆ కాలపు సంస్థానాధీశుల చిత్రములయందు తెల్లని అంచుల తేటనీలపు పట్టె కనబడినపుడు, నేను ముందుగా వెదకునది దాని చివర వ్రేలాడు ఆ చిన్న ముఖమును.