గిటార్ ట్యూనింగ్ కీల మార్పిడి

అకౌస్టిక్ గిటార్ తల భాగాన (హెడ్) తీగను చుట్టుకుని, దాన్ని బిగించి శృతి నిలిపే మరలను ట్యూనింగ్ కీలు, మెషిన్ హెడ్లు, ట్యూనర్లు అని పిలుస్తారు. వాయించేవాళ్ల నోట వినబడేది ఒట్టి ‘కీలు’. అరిగినవాటిని, నాసిరకం వాటిని తీసేసి మెరుగైనవి బిగించడం ఇంట్లోనే చేసుకోగల పని. సామాను కొద్దిగానే కావాలి, ఓపిక మాత్రం దండిగా ఉండాలి. కొలత తప్పి ఒకసారి తొలిచిన కొయ్యను మళ్లీ యథాస్థితికి తేవడం కష్టం.

తార్‌బహార్, రైలు దారి

తార్‌బహార్ ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో రైల్వేను ఆనుకుని ఉన్న పేట; కీల మార్పిడిని ఇక్కడ ఈ ఊళ్లో వాయించేవాళ్ల వైపు నుంచి చూద్దాం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పూర్‌ను రైల్వే పట్టణం చేసింది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఇదే కేంద్రం. రైల్వే ఉద్యోగాల వెంట వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉంటున్నాయి. 1931లో విజయనగరం–రాయపూర్ లైను పూర్తికావడంతో ఉత్తరాంధ్రకు రాకపోకలు దగ్గరయ్యాయి. బిలాస్‌పూర్–తిరుపతి ఎక్స్‌ప్రెస్, కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ నేటికీ ఆ దారినే వెళ్తాయి.

గిటార్ల కోసమైతే చూపు తూర్పున కోల్‌కతా వైపు. హావ్‌డా–ముంబయి ప్రధాన మార్గంలో బిలాస్‌పూర్ నుంచి హావ్‌డా దాదాపు 720 కిలోమీటర్లు. లాల్‌బజార్, రవీంద్ర సరణి వాద్యాల దుకాణాలున్న కోల్‌కతా దేశంలో గిటార్ల తయారీకి పేరున్న నగరం. గివ్‌సన్, హాబ్‌నర్ అక్కడి పేర్లే. తక్కువ ధరలో దొరికే గిటార్లలో ఎక్కువగా ఒకే రేకు మీద మూడేసి కీలు బిగించి, పళ్లు పైకి కనబడేలా ఉండే రకం వస్తుంది. చాలామందికి మొదటి గిటార్ అదే గనుక, కీలు మార్చాలన్న ఆలోచన కూడా తరచు అక్కడే పుడుతుంది.

లోపలి ఏర్పాటు

ప్రతి కీలోనూ రెండు ముఖ్య భాగాలుంటాయి. వేళ్లతో పట్టుకునే బటన్ తిప్పితే తిరిగే మరచుట్టు కడ్డీ ఒకటి, దీన్ని వార్మ్ అంటారు. అది తిప్పే పళ్ల చక్రం రెండోది. తీగ చుట్టుకునే పోస్టు ఈ చక్రానికే అమర్చి ఉంటుంది. వార్మ్ చక్రాన్ని తిప్పగలదు, చక్రం వార్మ్‌ను తిప్పలేదు. ఉపాయమంతా ఇందులోనే ఉంది. 0.012 నుంచి 0.053 అంగుళాల మందం గల మామూలు ఉక్కు తీగల సెట్టు మొత్తం మీద 70 కిలోలకు పైగా బలంతో లాగుతుంది; ఒక్కో తీగ వంతు సుమారు 10 నుంచి 14 కిలోలు. ఇంత లాగినా బటన్ కదలదు. లోకో షెడ్డులో ఫిట్టర్‌గా చేసినవాళ్లకు ఈ ఏర్పాటు విడమరచి చెప్పనక్కర్లేదు.

కీల డబ్బా మీద 14:1 అని ఉంటే బటన్ 14 చుట్లు తిరిగినప్పుడు పోస్టు ఒక చుట్టు తిరుగుతుందని అర్థం. పోస్టు 6 మిల్లీమీటర్ల మందం ఉందనుకుంటే దాని చుట్టుకొలత 19 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. 14:1 కీలో బటన్ ఒక చుట్టు తిరిగితే తీగ సుమారు 1.35 మిల్లీమీటర్లు, 18:1 కీలో సుమారు 1.05 మిల్లీమీటర్లు చుట్టుకుంటుంది. నిష్పత్తి పెరిగితే వేలికి సున్నితత్వం పెరుగుతుంది, శృతి మీద సరిగ్గా ఆగడం సులువవుతుంది. ఆగిన శృతి ఎంతసేపు నిలుస్తుందన్నది దీనికి సంబంధం లేని సంగతి. అమ్మేవాళ్లు ఈ రెంటినీ కలిపేసి చెబుతుంటారు, కొనేవాళ్లు నమ్ముతుంటారు.

బిరడల నుంచి మరల దాకా

విజయనగరం–రాయపూర్ లైను మీదే బొబ్బిలి ఉంది. ఆ పక్కనున్న గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే వీణకు ఏడు తీగలు, ఏడు బిరడలు. బిరడ కొసకు సన్నబడే కొయ్య మేకు; బెజ్జంలో ఒరుసుకుని నిలిచే బలమే దానికి ఆధారం. వానాకాలం కొయ్య ఉబ్బితే బిరడ పట్టేస్తుంది, ఎండాకాలం వదులై జారుతుంది. సూక్ష్మంగా సరిచేయడానికి వీణ కింది కొసన వేరే ఏర్పాటు ఉంటుంది. ఇప్పుడు కొన్ని వీణలకు గిటార్ తరహా మర కీలు కూడా బిగిస్తున్నారు.

ఐరోపాలో 19వ శతాబ్దం తొలినాళ్లలోనే వియన్నా తయారీదారు యోహాన్ గియోర్గ్ స్టాఫర్ గిటార్లకు ఆరు మర కీలూ ఒకే పక్కన అమర్చాడు. అతని దగ్గర పనిచేసిన సి. ఎఫ్. మార్టిన్ 1833లో అమెరికా వెళ్లి, తన తొలి గిటార్లకు ఆ పద్ధతే వాడాడు. షికాగోలో 1925లో మొదలైన క్లూసన్ కంపెనీ కీలు రేకు తొడుగుతో వచ్చేవి. గ్రోవర్, జర్మనీకి చెందిన షాలర్ కంపెనీల పేర్లు లోపల గ్రీజు నింపి పూర్తిగా మూసేసిన కీలతో స్థిరపడ్డాయి. జపాన్ కంపెనీ గోటో నేడు రెండు రకాలూ చేస్తుంది. పాలకొల్లులో 1969లో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ కర్ణాటక సంగీతం పలికించిన అయిదు తీగల మాండలిన్‌కూ ఉన్నవి మర కీలే.

తప్పు కీలదేనా?

శృతి నిలవకపోతే ముందు కీలనే అనుమానిస్తారు. ఎక్కువసార్లు అసలు దోషం వేరే చోట ఉంటుంది. కీ తిప్పుతున్నప్పుడు ‘టిక్’మని చప్పుడై శృతి ఒక్కసారిగా ఎగిరితే, నట్ (మెడ పై కొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ) గాడిలో తీగ ఇరుక్కుంటోందని లెక్క. ఆ గాడిలో పెన్సిల్ గ్రాఫైట్ రాస్తేనే తేడా తెలుస్తుంది. గాడి మరీ ఇరుకైతే సన్నటి ఆకురాయి పట్టాలి. కొత్త తీగలు సాగడం ఆగేదాకా దిగుతూనే ఉంటాయి. పోస్టు మీద ఒకదాని మీదొకటి ఎక్కేలా అడ్డదిడ్డంగా చుట్టిన తీగ కూడా జారుతుంది. బిలాస్‌పూర్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. జూన్ నడిమికల్లా వాన గాలి మొదలవుతుంది. ఆ మార్పుకు గిటార్ పై చెక్క, మెడ రెండూ కదులుతాయి. ఏ కంపెనీ కీ కూడా దాన్ని ఆపలేదు.

బటన్ వెనక్కి తిప్పినప్పుడు కాసేపు ఏ మార్పూ లేకుండా ఆడటం పళ్ల మధ్య సందు వల్ల. చికాకే గానీ, అది ఒక్కటే మార్పిడికి కారణం కాదు. శృతి దించాల్సి వస్తే కావలసినదానికన్నా కిందికి దించి, పైకి వస్తూ ఆపితే తీగ లాగుడుకు ఆ సందు మూసుకుపోతుంది. బటన్ కొసన ఉండే చిన్న స్క్రూను, మూత ఉన్న కీలైతే హెడ్ ముందున్న షట్కోణపు నట్‌ను కొద్దిగా బిగించి చూడటం కూడా మరవకూడదు.

పోస్టు తీగ లాగుడుకు నట్ వైపు ఒరిగిపోయినా, రేకు వంగి వార్మ్ పళ్లకు దూరమైనా, పళ్లు అరిగి ఒకచోట జారుతున్నా, బటన్ పగిలినా మార్చక తప్పదు. రేకు మీది చౌక కీలలో ఈ లోపాలు సాధారణం. పైకి కనబడే పళ్లకు దుమ్ము కూడా ఒక శత్రువే, బొగ్గు బండ్లు తిరిగే ఊళ్లో మరీనూ. అయినా నూనె చుక్క వేసి పాత బ్రష్‌తో శుభ్రం చేస్తే ఏళ్ల తరబడి పనిచేసేవీ ఉంటాయి.

కొలతలు

కొనకముందు చేయాల్సిన పని ఇది. చాలామంది కొన్నాక చేస్తారు. ఒక కీ విప్పి హెడ్ బెజ్జం వ్యాసం కొలవాలి. వెర్నియర్ లేకపోతే డ్రిల్ బిట్ల వెనక భాగాన్ని ఒక్కొక్కటిగా దూర్చి చూసినా తెలుస్తుంది. క్లూసన్ తరహా కీల పోస్టు 6.35 మిల్లీమీటర్లు, అంటే పావు అంగుళం. ముందు వైపు పోస్టును పట్టి ఉంచే బుష్ కోసం బెజ్జం సుమారు 8.5 నుంచి 8.8 మిల్లీమీటర్లు ఉంటుంది. గ్రోవర్ రోటోమాటిక్ వంటి మూత కీలకు 10 మిల్లీమీటర్లు కావాలి. ఉన్న బెజ్జం 10 అయి, కొనదలచినవి సన్న పోస్టు కీలైతే నడుమ ఇమిడే అడాప్టర్ బుష్‌లు దొరుకుతాయి. బెజ్జం చిన్నదై కీ పెద్దదైతే కొయ్య తొలవాల్సిందే. కాబట్టి సరిపోయే చిన్న కీలు వెతకడమే తెలివైన పని.

తర్వాత హెడ్ మందం చూడాలి. షట్కోణపు నట్ మరలోకి ఎక్కడానికి తగినంత పోస్టు ముందుకు రావాలి. పక్క పక్క పోస్టుల నడుమ దూరం, స్క్రూ పడే చోటు కూడా రాసుకోవాలి. స్క్రూ చెవి ఒక్కో కంపెనీలో ఒక్కో కోణంలో ఉంటుంది. రేకు కీల స్థానంలో విడి కీలు పెడితే పాత స్క్రూ బెజ్జాలు, రేకు కప్పిన రంగు తేడా బయటపడతాయి. ముందే తెలిస్తే ఇది పెద్ద లోటుగా అనిపించదు.

బరువునూ పట్టించుకోవాలి. మూత కీలు రేకు కీలకన్నా బరువెక్కువ. గిటార్‌ను బెల్టుతో భుజాన వేసుకుని నిలబడి వాయించేవారికి హెడ్ కిందికి దిగుతున్నట్టు ఉంటుంది.

బిగింపు

తీగలన్నీ ఒకేసారి వదులు చేసి తీసేయాలి. పాత బుష్ బిగుసుకుని ఉంటే వెనక వైపు నుంచి సరిపోయే గుండ్రటి కడ్డీతో మెల్లగా నెట్టాలి. ముందు నుంచి స్క్రూడ్రైవర్ పెట్టి పెళ్లగిస్తే పాలిష్ పెచ్చులుగా లేస్తుంది. బెజ్జం వెడల్పు చేయక తప్పకపోతే కొయ్య రీమర్‌తో చేత్తో తిప్పుతూ, అటు కొంత ఇటు కొంత తొలవడం మేలు. పవర్ డ్రిల్ బిట్ పాత బెజ్జం అంచును ఒడిసి పట్టి హెడ్‌ను చీల్చగలదు.

పాత స్క్రూ బెజ్జాల్లో ఫెవికాల్ అద్దిన సన్నటి వెదురు పుల్ల దిగ్గొట్టి, ఆరాక మట్టంగా కోసేయాలి. కొత్త కీలను బెజ్జాల్లో పెట్టి, షట్కోణపు నట్‌లు తగిలించాక వెనక నుంచి స్కేలు ఆనించి అన్నీ ఒకే వరసలో ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు స్క్రూ చోటు గుర్తించాలి. స్క్రూ లోపలి కాండం కన్నా మించని సన్న బిట్‌తో, లోతు తెలిసేలా బిట్‌కు టేపు చుట్టి, బెజ్జం వేయాలి. ఈ స్క్రూలు మెత్తటివి. బెజ్జం లేకుండా బిగిస్తే తల తెగి మొండెం కొయ్యలోనే ఉండిపోతుంది. మరకు కాస్త సబ్బు రాస్తే సాఫీగా దిగుతుంది. షట్కోణపు నట్‌ను స్పానర్‌తో ఆనేదాకా బిగిస్తే చాలు. బలం చూపిస్తే కింది వాషర్ పాలిష్‌లోకి దిగిపోతుంది.

తీగ చుట్టేటప్పుడు లావు తీగలకు రెండు, సన్నవాటికి మూడు చుట్లు పైనుంచి కిందికి వరసగా పడాలి. తీగను పోస్టులోనే బిగించి పట్టే లాకింగ్ కీలకు ఒక చుట్టు కూడా అక్కర్లేదు. శృతి చేసి, ఒక్కో తీగను నడుమ పట్టి మెల్లగా లాగి, మళ్లీ శృతి చేయాలి. మర్నాటికి షట్కోణపు నట్‌లు కొంచెం వదులవడం మామూలే, ఇంకోసారి చూసుకోవాలి. విప్పిన పాత కీలను స్క్రూలతో సహా ఒక కవర్లో వేసి గిటార్ పెట్టెలో ఉంచితే, బెజ్జాలు తొలవని గిటార్‌కు వాటిని ఎప్పుడైనా తిరిగి బిగించవచ్చు.