ఆ 'లేదు' కింద నా సంతకం ఉంది



"సార్, ఈ ఫారాలు నింపితే మాకేం వస్తది?" అని మా క్లాసు అమ్మాయి అడిగింది. అది కాలేజీ సర్వే. 'క్యాంపస్‌లో వివక్ష ఎదుర్కొన్నారా?' అన్నది అందులో ఒక ప్రశ్న. ఫారం పైన హాల్‌టికెట్ నంబరు రాయాలి. అందరూ 'లేదు' అనే రాశారు. ఆ కాగితాలు పోగుచేసి, 'ఫిర్యాదులు లేవు' అని రిపోర్టు రాసి సంతకం పెట్టింది నేనే. ఆ అమ్మాయికి అప్పుడు చెప్పలేకపోయిన జవాబే ఈ భాగం.

లెక్కలు మనకు కొత్త కాదు. 1928 మే 29న బహిష్కృత హితకారిణి సభ తరఫున బాబాసాహెబ్ సైమన్ కమిషన్‌కు బొంబాయి ప్రెసిడెన్సీలో మనవాళ్ల చదువు గురించి నివేదిక ఇచ్చారు. ప్రతి రెండు లక్షల జనాభాకు కాలేజీలో ఎంతమంది? పైకులాల హిందువులు 1,000. ముస్లింలు 52. మధ్య కులాలు 14. మనవాళ్లున్న వెనకబడిన తరగతి? దాదాపు సున్నా. అందరినీ ఒకే కొలతతో కొలిచారు కాబట్టే ఆ సున్నా దాచలేనిదయింది.

రిజర్వేషన్లతో గేటు తెరుచుకుంది. మరి లోపల ఎట్లా ఉంది? 2006లో ఓబీసీ రిజర్వేషన్ల మీద ఢిల్లీ ఎయిమ్స్‌లో ఆందోళన నడిచింది. ఆ ఏడాదే కేంద్రం సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన కమిటీ వేసింది. ఆ కమిటీ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులనే అడిగింది. టీచర్ల నుంచి తగిన సాయం అందడం లేదని 69 శాతం చెప్పారు. హాస్టల్లో వేధింపులు పడలేక గదులు మారి ఒకేచోట చేరిన సంగతీ బయటపడింది. ఎయిమ్స్ యాజమాన్యం ఆ నివేదికను ఒప్పుకోలేదు. కానీ 'మా దగ్గర కులం లేదు' అనే మాటకు ఎదురుగా ఒక అంకె నిలబడింది. 2012లో యూజీసీ సమాన అవకాశాల విభాగం, వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలని నిబంధనలు తెచ్చింది.

ఇక మన హైదరాబాద్. 2008 ఫిబ్రవరిలో సెంట్రల్ యూనివర్సిటీలో తమిళనాడు నుంచి వచ్చిన దళిత పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ చనిపోయాడు. ఫిజిక్స్‌లో అతనికి గైడ్‌ను కేటాయించలేదు. గైడ్ లేకుండా మిగిలింది రిజర్వుడు వర్గాల పిల్లలేనని తర్వాత వేసిన కమిటీ గమనించింది. గైడ్ల కేటాయింపును ఏటా కులాలవారీగా లెక్క తీసి ఉంటే, ఈ సంగతి ఒక చావు తర్వాత తెలియాల్సి వచ్చేదా?

అందుకే మిత్రులారా, సర్వే వద్దనకండి. షరతులు పెట్టండి. పేరు, నంబరు ఉండకూడదు. ఒక డిపార్ట్‌మెంట్‌లో మనవాళ్లు ఇద్దరే ఉంటే, కులం రాయడమంటే పేరు రాయడమే. అలాంటిచోట అన్ని డిపార్ట్‌మెంట్లు కలిపి లెక్కించమనండి. ఫలితాలు నోటీసు బోర్డు మీద పెట్టాలి. పోయినేడు చెప్పినదాంట్లో ఏం మారిందో ఈ ఏడు రాయాలి.

హాల్‌టికెట్ నంబరు తీసేయమని నేను లెటర్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. పాత రిపోర్టు మీద నా సంతకం అట్లాగే ఉంది. ఆ రోజు 'లేదు' అని రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు, భయం చెప్పారు. దాన్ని చదవడం రానిది నాకే.