ధర్మపురి సీమ తోటపని ముట్లు: వాని పేర్లు, చరిత్ర

రాజుల చరిత్రకు శాసనములు కలవు. కోటల చరిత్రకు గోడలు, బురుజులు కలవు. ఇంటివెనుక పెరటిలో పాదు త్రవ్వి, తీగకు పందిరి వేసి, నాలుగు కూరగాయలు పండించుకొన్న సామాన్యుని చరిత్రకు ఆధారమేది? అతని చేతిలోని పనిముట్టును, దానికి అతడు వాడిన పేరును చూపుటకంటె వేఱు మార్గము కానరాదు. ఇనుము త్రుప్పుపట్టి పోవును. కొయ్యపిడి చెదలు తినివేయును. పేరు మాత్రము తల్లినుండి బిడ్డకు సంక్రమించుచు వచ్చును. ధర్మపురి సీమలోని తోటపని ముట్లను, అందును తెలుగువారి వాడుకతో సంబంధము గలవానిని, ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ధర్మపురికి ప్రాచీన నామము తగడూరు. సంగమ కాలమున ఇది అదియమానుల రాజధాని. అదియమాన్ నెడుమాన్ అంజి తనకు లభించిన అపురూపమైన ఉసిరికపండును తాను తినక ఔవైయారునకు ఇచ్చిన కథ తమిళదేశమున పిల్లలకును తెలిసినదే. ఆ రాజు పూర్వులు చెఱకును ఈ నేలకు తెచ్చిరని పుఱనానూఱులోని ఔవైయారు పద్యమొకటి చెప్పుచున్నది. ఈ సీమ ప్రాచీన సాహిత్యమునకు ఎక్కినది యుద్ధముల వలననే కాదు, ఒక పండు వలనను, ఒక పైరు వలనను గూడ అని మనము గుర్తింపవలసి యున్నది. తరువాత గాంగులు, నొళంబులు, చోళులు, హొయసలులు దీనిని పాలించిరి. విజయనగర కాలమున తెలుగు కుటుంబములు ఈ వైపునకు విస్తారముగ వచ్చి స్థిరపడినవి. 16వ శతాబ్ది చివర పెనుగొండ రక్షణలో ప్రసిద్ధికెక్కిన జగదేవరాయలు బారామహలు అను పండ్రెండు దుర్గముల సీమకు అధిపతి యయ్యెను. 1792లో శ్రీరంగపట్టణపు సంధి ననుసరించి టిప్పుసుల్తాను దీనిని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేసెను. సేలము జిల్లాలో చేరియుండిన ఈ భాగము 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లా యయ్యెను. దానినుండి 2004లో కృష్ణగిరి జిల్లా వేఱుపడెను. హోసూరు, దెంకణికోట, వేపనపల్లి మొదలగు తెలుగువారు అధికముగా గల తావులు నేడు కృష్ణగిరి జిల్లాలో నున్నవి. తెలుగు, తమిళము, కన్నడము మూడును ఒకే సంతలో వినవచ్చు సీమ యిది.

పనిముట్టునకు మూలము ఇనుము. ఆ విషయమున ఈ సీమ భాగ్యవంతమైనది. సేలము సమీపమున నున్న కంజమలై మొదలగు కొండలలో అయస్కాంతపు ఇనుపరాయి పుష్కలముగా కలదు. కృష్ణగిరి జిల్లాలోని మయిలాడుంపారైలో త్రవ్వకములందు దొరకిన ఇనుము క్రీస్తు పూర్వము 2172 నాటిదని పరీక్షల వలన తేలినట్లు 2022లో తమిళనాడు ప్రభుత్వము ప్రకటించెను. దక్షిణదేశపు ఉక్కును ఐరోపావారు ‘ఊట్జ్’ అని పిలిచిరి. ఇది తెలుగు కన్నడములలోని ‘ఉక్కు’ శబ్దమునకు వికృతి యని పండితుల అభిప్రాయము. ఇంగ్లండులో ఫారడే వంటి శాస్త్రవేత్త ఆ ఉక్కును పరీక్షకు పెట్టినాడు. 1830లో హీత్ అను ఆంగ్లేయుడు పరంగిపేటలో ఇనుప కర్మాగారము స్థాపించి, దానికి సేలము రాతిని తెప్పించుకొనెను. వంటచెఱకు బొగ్గు కొఱతవలనను, రవాణా వ్యయమువలనను అది చిరకాలము నిలువలేదు. అయినను పల్లెలోని కమ్మరి కొలిమి మాత్రము ఆఱిపోలేదు. కొలిమి యున్నంత కాలము కర్షకుని పార ఆ యూరిలోనే పుట్టినది.

ఇక పనిముట్లను గూర్చి. పెరటితోటకు తప్పనిసరియైనవి చాల కొద్ది: త్రవ్వుటకు పార, గట్టినేలను పెకలించుటకు గడ్డపార, కలుపు తీయుటకు తొలిక లేక బొరిగె, కోయుటకు కొడవలి, కొమ్మలు నఱకుటకు మచ్చుకత్తి, మన్నును ఎరువును మోయుటకు గంప, నీరు తోడుటకు చేద. ఈ యేడింటితో ఒక కుటుంబము సంవత్సరము పొడుగున కూరగాయలు పండించుకొనగలదు.

వీనిలో పార విశేషముగా పరిశీలింపదగినది. ఐరోపాలోని తోటమాలి వాడు త్రవ్వుడు సాధనమునకు ఆకు, పిడి ఒకే వరుసలో నుండును. దానిని నేలపై నిలిపి, బూటు కాలితో అదిమి, మన్ను తిరుగవేయుదురు. మన పారకు ఆకు పిడివైపునకు వంగి యుండును. దానిని పైకెత్తి దించి తనవైపునకు లాగికొందురు. ఈ భేదమునకు కారణములు రెండు. మొదటిది కాలు: చెప్పులు లేని కాలితో ఇనుపయంచును త్రొక్కుట సాధ్యము కాదు. రెండవది నీరు: మన తోటలో త్రవ్వుట సగము పని మాత్రమే, కాలువ తీయుట, గట్టు వేయుట, ఒక మడికి నీరు నిండగనే మడవ మూసి మఱియొక మడికి త్రిప్పుట మిగిలిన సగము. ఒక్క విసరుతో మన్నును లాగి, ఆకుతోనే యెత్తి, మడవలో వేయుటకు లాగుడు పారయే తగినది. ధర్మపురి సీమలో సాలుకు సుమారు 850 మిల్లీమీటర్ల వాన కురియును. అట్టి తావున నీటిని పొదుపుగ నడపు సాధనమే తోటకు ప్రాణము. అందుచే పార ఆకారమును మొరటుతనముగ నెంచరాదు. అది నేలకును, నీటికిని, మనుష్యుని కాలికిని తగినట్లు తీర్చబడిన రూపము.

పేరు విషయమున మఱియొక విశేషము కలదు. తమిళములో ‘పారై’ యనగా, కన్నడములో ‘హారె’ యనగా సామాన్యముగా నేలను పొడిచి పెకలించు ఇనుపకడ్డీ. తమిళుడు దానినే ‘కడప్పారై’ యనును. తెలుగులో ‘పార’ యనగా మన్ను లాగు సాధనము. ఇనుపకడ్డీని చెప్పవలసినపుడు ‘గడ్డపార’ అని విశేషణము చేర్చుదుము. మనము పార యనుదానిని తమిళుడు ‘మణ్‌వెట్టి’, అనగా మన్ను నఱకునది, అనును. కావున ధర్మపురి అంగడిలో తెలుగువాడు పార యడిగినచో తమిళ వర్తకుడు కడ్డీని చూపినను వింతపడనక్కఱలేదు. ఒకే మూలపదము మూడు భాషలలో నిలిచి, ఒక భాషలో మాత్రము వేఱు పనిముట్టునకు మాఱినది. ఈ మార్పు ఎపుడు, ఎచ్చట జరిగినదో తెలిసినచో, కఱ్ఱతోను కడ్డీతోను పొడిచి చేయు సేద్యమునుండి లాగి త్రవ్వు సేద్యమునకు మనవారు వచ్చిన క్రమము కొంతవఱకు బోధపడును. ‘మణ్‌వెట్టి’ శబ్దమే ఆంగ్లేయుల నోట ‘మమ్మటి’ యై మరామతు శాఖ లెక్కలకెక్కెను.

కొడవలి విషయమును ఇట్టిదే. తమిళములో ‘కొడువాళ్’, కన్నడములో ‘కుడుగోలు’. వంపు అను అర్థమిచ్చు ధాతువు వీనియందు కలదు. తమిళ కొడువాళ్ బరువైన నఱుకుకత్తిని గూడ చెప్పును. తెలుగు కొడవలి కక్కులుగల సన్నని కోతసాధనము. నఱుకుటకు మనకు మచ్చుకత్తి వేఱుగ నున్నది. గొడ్డలికి తమిళము ‘కోడాలి’, కన్నడము ‘కొడలి’. కలుపునకు తమిళము ‘కళై’. కలుపు తీయు సాధనము వారికి ‘కళైక్కొట్టు’. ఇట్లు పెరటిలో నిలబడి చూచినచో మూడు భాషలును ఒక తల్లి బిడ్డలని వ్యాకరణగ్రంథము లేకయే తెలియును.

నీటి సాధనములకు వచ్చినను ఇదే కథ. చిన్న పెరటికి గిలకయు, చేదయు చాలును. కొంచెము పెద్ద తోటకు ఏతము. తమిళమున ఏఱ్ఱము, కన్నడమున ఏత. మ్రానిపై మనుష్యుడు ముందునకు వెనుకకు నడచుచుండగా బాన దిగుచు లేచుచు నుండును. ఐరోపావారు దీనికి ‘పికోటా’ యని పోర్చుగీసు పదమును తగిలించిరి. లోతు బావులకు ఎద్దులతో లాగించు కపిల; తమిళమున కవలై. 1800లో మైసూరు మొదలగు సీమలను పరిశీలించుటకు గవర్నరు జనరలు వెల్లెస్లీ పంపిన ఫ్రాన్సిస్ బుకానన్, 1807లో మూడు సంపుటములుగ వెలువడిన తన యాత్రాగ్రంథమున యాతమును, కపిలను ఆ పేర్లతోనే వర్ణించెను. ఆయన తిరుగు ప్రయాణము బారామహలు మీదుగనే సాగినది. విదేశీయుని లేఖినికి అందినవి మన పల్లెవారి మాటలే.

బుకానన్ వచ్చుటకు ముందు ఏడేండ్లపాటు ధర్మపురిలో ఒక ప్రసిద్ధుడైన తోటమాలి నివసించెను. ఆయన థామస్ మన్రో. కెప్టెన్ అలెగ్జాండరు రీడునకు సహాయకుడుగ 1792లో బారామహలునకు వచ్చి, రైతుల పొలములు కొలిపించి, వారితో నేరుగ శిస్తు నిర్ణయించు పద్ధతిని ఇచ్చటనే అభ్యసించెను. ధర్మపురిలో ఇల్లు కట్టుకొని తోట వేసికొనెను. 1799లో కన్నడ తీరమునకు బదిలీయై పోవునపుడు ఆ తోటను విడువలేక చింతించినట్లు ఆయన లేఖలవలన తెలియును. గ్లైగ్ 1830లో ప్రకటించిన జీవితచరిత్రలో వానిని చూడవచ్చును. ఆ తోటలో త్రవ్విన చేతుల వారి పేర్లు మనకు దక్కలేదు. వారి చేతులలో నుండినవి ఈ సీమ కమ్మరి చేసిన పారలే యని ఊహించుట అసంగతము కాజాలదు. అనంతరము దత్తమండలములలో తెలుగు రైతులకు ఆత్మీయుడై, చెన్నపురికి గవర్నరై, 1827లో పత్తికొండలో విశూచి వ్యాధితో మన్రో మరణించెను. ఆయన జ్ఞాపకార్థము ప్రభుత్వము పత్తికొండలో తోపు నాటించి, మెట్లబావి కట్టించెను. ధర్మపురిలో తోటతో తెలిసిన మనుష్యునకు తెలుగుదేశమున తోపే స్మారకమగుట గమనింపదగినది.

19వ శతాబ్ది ఉత్తరార్ధమున మన పనిముట్లను సంస్కరింపవలెనను ఉత్సాహము పాలకులలో బయలుదేఱెను. ఇంగ్లండునుండి ఆవిరి నాగళ్లను తెప్పించిరి. 1865లో సైదాపేటలో ప్రయోగక్షేత్రము నెలకొల్పిరి. ఆ సాధనములు రైతుల పొలములకు వ్యాపింపలేదు. ఖరీదు ఎక్కువ, బరువు ఎక్కువ, విఱిగినచో ఊరి కమ్మరి బాగుచేయలేడు. రసాయనశాస్త్రజ్ఞుడైన వోల్కరు 1889లో భారతదేశమునకు వచ్చి అన్ని ప్రాంతములును తిరిగి, 1893లో ప్రకటించిన నివేదికలో, ఇచ్చటి పనిముట్లు సామాన్యముగ ఇచ్చటి పరిస్థితులకు తగియే యున్నవని ఒప్పుకొనెను. ఒక సాధనము మంచిదా కాదా యనుటకు గీటురాయి దాని మెఱుగు కాదు. అది చెడినపుడు బాగుచేయు చేయి ఆ యూరిలో నున్నదా లేదా యనునదే.

అట్టి చేయి నేడు సన్నగిల్లుచున్నది. పూర్వము కమ్మరి, వడ్రంగి ఊరికి పని చేసి, కళ్లమున ధాన్యపు వంతు పుచ్చుకొనెడివారు. రైతు పొడుగును, నేల గట్టితనమును ఎఱిగి కమ్మరి ఆకు వంపును నిర్ణయించెడివాడు. వడ్రంగి తుమ్మకొయ్యతో పిడి చెక్కెడివాడు. నేడు యంత్రశాలలో ఒకే అచ్చున దిగిన పార దేశమంతటికిని వచ్చుచున్నది. విద్యుత్తు పంపులు వచ్చిన పిదప ఏతము, కపిల కనుమఱుగైనవి. హోసూరు గులాబితోటలలో నీరు సన్నని గొట్టములగుండ చుక్కచుక్కగ దిగుచున్నది. ఇందు శ్రమ తగ్గినది, నీరు మిగిలినది. దీనికి విచారింపవలసిన పని లేదు. ఏతము త్రొక్కినవాని కాళ్ల నొప్పి నెఱుగక ఏతము పోయెనని కన్నీరు కార్చుట తగదు. అయితే సాధనముతోపాటు పేరు పోవుటకు మాత్రము మనమే బాధ్యులము.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము ప్రథమ సంపుటమును వ్యవసాయ పదములతో ప్రకటించెను. పల్లెలకు పోయి, వృత్తి చేయువారి నోటినుండియే పదములను సేకరించిన ఆ కృషి తెలుగు భాషాశాస్త్రమున మైలురాయి. కాని దాని క్షేత్రము ఆంధ్రప్రదేశమునకు పరిమితము. ఎల్లకు ఇవతల నున్న ధర్మపురి, కృష్ణగిరి, సేలము తెలుగువారి మాటలు అందు చేరుటకు వీలు లేకపోయెను. కోస్తాలో గునపము, పలుగు అనుదానిని రాయలసీమలో గడ్డపార యందురు. మఱి తరతరములుగ తమిళ కన్నడముల నడుమ నున్న మన బారామహలు తెలుగువారు ఏ పదమును నిలుపుకొన్నారు, దేనిని అరువు తెచ్చుకొన్నారు, పార యనునపుడు వారి మనస్సున మెదలునది కడ్డీయా, లాగుడు సాధనమా? ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథాలయమున దొరకదు. పిల్లలు తమిళమున చదువుకొనుచున్న ఇండ్లలో, అవ్వ తాతల నోట మాత్రమే యున్నది.

కావున తెలుగు సంఘములకు ఒక మనవి. ఈ పనికి ధనము మిక్కిలిగ అక్కఱలేదు. గ్రామమునకొక విద్యార్థి, ఒక పుస్తకము, ఒక కొలబద్ద చాలును. ఇంటిలో మిగిలిన ప్రతి తోటపని ముట్టునకు బొమ్మ గీసి, ఆకు పొడవు వెడల్పులు, పిడి పొడవు, కొయ్య పేరు, చేసినవాని ఊరు వ్రాయవలెను. ఎదుట దాని తెలుగు పేరును పెద్దలు పలికినది పలికినట్లు, ప్రక్కన తమిళ కన్నడ నామములను చేర్చవలెను. పదము అశుద్ధమని దిద్దరాదు. దిద్దినచో చరిత్ర చెఱిగిపోవును. ధర్మపురి ప్రభుత్వ మ్యూజియమున ఈ సీమ వీరశిలలు భద్రముగ నిలిచియున్నవి. కత్తిపట్టిన వానికి రాతిపై స్థానము దొరకినది. పారపట్టిన వానికి కాగితముపై నైనను స్థానము కల్పించుట మన విధి.