పరిశోధన సామగ్రి బదిలీ ఒప్పందాలు

ఒక ప్రయోగశాలలోని కణాలు, విత్తనాలు, వైరస్ నమూనాలు, జన్యుమార్పిడి ఎలుకలు వంటివాటిని మరో ప్రయోగశాలకు ఇచ్చేటప్పుడు రాసుకునే చట్టబద్ధమైన పత్రమే సామగ్రి బదిలీ ఒప్పందం. విశ్వవిద్యాలయాల్లో దీన్ని ఎంటీఏ అంటారు. సమాచారం చేతులు మారితే డేటా వినియోగ ఒప్పందం, ఇంకా బయటపెట్టని విషయాలు చర్చించుకోవాలంటే గోప్యతా ఒప్పందం రాసుకుంటారు. తీసుకున్నదాన్ని దేనికి వాడవచ్చు, ఇంకొకరికి ఇవ్వవచ్చా, దాని నుంచి పుట్టిన కొత్తది ఎవరిది, ఫలితాలను ప్రచురించే ముందు ఎవరికి చూపాలి అన్నవే వీటిలో ముఖ్యమైన అంశాలు. సామగ్రి సాధారణంగా సంస్థ ఆస్తి కాబట్టి శాస్త్రవేత్త సంతకం ఒక్కటే చాలదు, సంస్థ తరఫున అధికారం ఉన్నవారు సంతకం పెట్టాలి.

20వ శతాబ్దం మధ్యలో ఇంత తతంగం లేదు. అడిగితే ఇచ్చేవారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ సంస్థలో తన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లోని వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు అందించారు. పిల్లల ల్యుకేమియాను మందుతో తాత్కాలికంగానైనా అణచవచ్చని 1948లో లోకానికి తెలిసింది ఆ మందు వల్లనే. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో హెన్రియెట్టా లాక్స్ అనే రోగి కణితి నుంచి పెంచిన హీలా కణాలను అక్కడి పరిశోధకుడు జార్జ్ గై అడిగినవారికల్లా పంచాడు. అయితే కణాలు తీసేటప్పుడు ఆమె అనుమతి అడగలేదు, ఆమె కుటుంబానికి రెండు దశాబ్దాలకు గానీ సంగతి తెలియలేదు. శాస్త్రవేత్తల మధ్య ఔదార్యం ఉన్నమాట నిజమే కానీ, కణాల అసలు సొంతదారుకు అందులో చోటు లేకపోయింది.

1980 ఈ పద్ధతిని మార్చేసింది. ఆనంద్ చక్రవర్తి రూపొందించిన బ్యాక్టీరియాకు పేటెంటు ఇవ్వవచ్చని ఆ ఏడాది జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వ సొమ్ముతో చేసిన ఆవిష్కరణలపై విశ్వవిద్యాలయాలు హక్కు ఉంచుకోవచ్చని డిసెంబరులో బే-డోల్ చట్టం వచ్చింది. ఫ్రిజ్‌లోని సీసాకు ధర ఏర్పడింది. సరిగ్గా అప్పుడే కేజీ-1 అనే కణాల తగాదా కోర్టుకెక్కింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ల్యుకేమియా రోగి నుంచి పెంచిన ఈ కణాలను జాతీయ క్యాన్సర్ సంస్థలోని రాబర్ట్ గాలోకు ఇచ్చారు. అక్కడి నుంచి అవి రోష్ సంస్థ పరిశోధకులకు చేరి, ఇంటర్‌ఫెరాన్ తయారీకి పనికొచ్చాయి. మేం పరిశోధనకు మాత్రమే ఇచ్చామని విశ్వవిద్యాలయం అన్నది. వ్యవహారం చివరికి రాజీతో ముగిసింది.

అంతకన్నా పెద్ద పాఠం ఎయిడ్స్ వైరస్ నేర్పింది. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ తాను కనుగొన్న వైరస్‌ను గాలో ప్రయోగశాలకు పంపుతూ, పరిశోధనకే తప్ప వాణిజ్యానికి వాడబోమని సంతకం పెట్టించుకుంది. తర్వాత ఆ వైరస్‌ను గుర్తించేందుకు అమెరికన్లు రూపొందించిన రక్తపరీక్షకు పేటెంటు వచ్చింది. 1985 డిసెంబరులో పాశ్చర్ సంస్థ దావా వేసింది. తగవు తీర్చడానికి 1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్, ఫ్రాన్స్ ప్రధాని షిరాక్ పూనుకోవలసి వచ్చింది. పరీక్షకు వాడిన వైరస్ పాశ్చర్ పంపినదేనని అమెరికా పక్షం తర్వాత ఒప్పుకుని, 1994లో ఫ్రెంచివారి రాయల్టీ వాటా పెంచింది. ఆ చిన్న కాగితం తగవును ఆపలేకపోయినా, వాదనకు ఆధారమై నిలిచింది. ఎంటీఏకు అంతకన్నా బలమైన సమర్థన మరొకటి కనిపించదు.

ఆ తర్వాత కాగితం శ్రుతిమించింది. ప్రతి సంస్థా తనకంటూ ఒక నమూనా పెట్టుకుంది. న్యాయవాదుల మధ్య నెలల తరబడి బేరసారాలు సాగేవి. క్యాన్సర్ వచ్చేలా మార్చిన హార్వర్డ్ ఎలుకకు 1988లో పేటెంటు రాగా, దాని హక్కులు పొందిన డ్యూపాంట్ కంపెనీ, ఎలుకను వాడే పరిశోధకుల భావి ఫలితాల్లోనూ వాటా కోరింది. పనిముట్టు ఇచ్చినంత మాత్రాన పంటలో పాలు అడగడం అన్యాయం. శాస్త్రవేత్తలు గట్టిగా వ్యతిరేకించారు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు కల్పించుకుని, 2000లో డ్యూపాంట్‌తో లాభాపేక్షలేని సంస్థలకు అనుకూలమైన అవగాహన కుదుర్చుకున్నాయి.

అసలు పరిష్కారం 1995 మార్చిలోనే వచ్చింది. ఆ నెలలో ప్రకటించిన ఏకరూప ఎంటీఏ మీద సంస్థ ఒక్కసారి సంతకం పెడితే చాలు, ఆపైన ప్రతి బదిలీకీ చిన్న ఉత్తరం సరిపోతుంది. మూల పదార్థమూ, దాని సంతతీ ఇచ్చినవారివి. పుచ్చుకున్నవారు చేసిన మార్పులు, వాటిలోని మూల పదార్థం మినహా, వారివే. మసాచుసెట్స్‌లో 2004లో మొదలైన ఆడ్‌జీన్ సంస్థ ఇదే సూత్రంతో ప్లాస్మిడ్లనే డీఎన్‌ఏ వలయాలను ప్రపంచమంతా పంచుతోంది.

విత్తనాల కథ తెలుగు నేలకు దగ్గరిది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ విత్తన భాండాగారంలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, ఇతర చిరుధాన్యాలవి 1.2 లక్షలకు పైగా నమూనాలున్నాయి. ఇవి ఎన్నో దేశాల రైతులు తరతరాలుగా కాపాడుకున్న రకాలు. 1994లో వీటిని లోకం తరఫున ధర్మకర్తగా కాపాడతానని ఇక్రిశాట్ ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థకు మాట ఇచ్చింది. 2006లో ఆమోదం పొందిన ప్రామాణిక ఎంటీఏ ప్రకారం, పుచ్చుకున్న రూపంలో విత్తనంపై ఇతరులకు అందకుండా చేసే హక్కు ఎవరూ పొందరాదు. దాని నుంచి తీసిన కొత్త రకాన్ని అమ్ముతూ, ఇతరుల పరిశోధనకు అందకుండా కట్టడి చేస్తే అమ్మకాల్లో 0.77 శాతం ఉమ్మడి నిధికి చెల్లించాలి. మూలదాతలైన రైతులకు వాటా ఉండాలన్న సూత్రాన్ని ఈ పత్రం రాతలోకి తెచ్చింది. అంతకుముందే 2002లో వచ్చిన భారతదేశపు జీవవైవిధ్య చట్టానిదీ అదే దారి. విదేశీయులు ఇక్కడి జీవవనరులను పరిశోధనకు తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ ముందస్తు అనుమతి కావాలి.

రోగక్రిముల విషయంలో మాత్రం పేచీ తెగలేదు. తమ నమూనాలతో చేసిన టీకాలు తమ ప్రజలకే అందుబాటులో ఉండటం లేదంటూ 2007లో ఇండోనేషియా బర్డ్‌ఫ్లూ వైరస్‌ను పంచడం ఆపేసింది. దాని ఫలితంగా 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇన్‌ఫ్లూయెంజా నమూనాలకు, టీకాల వాటాకు ముడిపెడుతూ ఒక ఒప్పంద చట్రం తెచ్చింది. 2025 మేలో ఆమోదించిన మహమ్మారి ఒప్పందం ఆ ముడిని మిగతా క్రిములకూ వేయాలని సంకల్పించింది గానీ, ఎవరికెంత అన్న లెక్కను విడి అనుబంధానికి వదిలిపెట్టింది.